ఆక్స్‌ఫర్డులో వారాల పిల్లలు

మొన్న ఉగాది సాయంత్రం కార్యక్రమం ముగిసి, అందరం కలిసి హాల్లో కుర్చీలు మడతపెడుతున్నప్పుడు మన సభ్యుల్లో ఒకరు నాతో ఒక మాట అన్నారు. వారి రెండో అమ్మాయి చదువులో చురుకైనది. బడిలో చరిత్ర చెప్పే టీచరు ఆ పిల్లని ఆక్స్‌ఫర్డుకి దరఖాస్తు పెట్టమని పోరుతున్నదట. "మనకెందుకండీ డాక్టరుగారూ అవన్నీ? లార్డుల పిల్లలు చదువుకునే చోటు. ఇల్లు తాకట్టు పెట్టినా చాలదు. ఇంటిదగ్గరే ఏదో ఒక యూనివర్సిటీలో చదువుకుంటుంది" అన్నారాయన. అమ్మాయి పక్కనే ఉంది. ఏమీ అనలేదు. తలవంచుకుని కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ పోయింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను ఈ దేశానికి 1979లో వచ్చాను. ఇన్నేళ్ళలో ఆక్స్‌ఫర్డు మీదుగా ఎన్నోసార్లు కారులో పోయి ఉంటాను. గోపురాలు చూసి, ఫోటోలు తీసి, మన ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలకి చూపించి వచ్చాను. అక్కడ చదువుకి ఎంతవుతుందో, ఎవరు కడతారో ఎన్నడూ ఆరా తీసిన పాపాన పోలేదు. రిటైరయిన మనిషిని కనుక తీరిక ఉంది. నెలరోజులపాటు గ్రంథాలయం పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను. కార్యదర్శిగారు తెలుసుకున్నదేదో కాగితం మీద పెట్టమన్నారు. అదే ఈ వ్యాసం.

ముందుగా మా తాతగారి సంగతి చెప్పాలి. ఆయన రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. మన పిల్లలకి ఈ మాట తెలియదు కనుక రెండు ముక్కలు చెబుతాను. పల్లెనుంచి చదువుకోసం వచ్చిన పేదపిల్లవాడు పట్నంలో ఏడు ఇళ్ళు కుదుర్చుకునేవాడు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. ఏ ఇల్లయినా తప్పిపోతే ఆ రోజు పస్తే. మా తాతగారికి శుక్రవారం ఇల్లు కుదరలేదట. అందుకని ముసలితనంలో కూడా శుక్రవారం పూట ఆయన అన్నం ముందు కూర్చుంటే ఒక్క నిమిషం ఊరికే చూసేవారు. వారాలు కూడా అందరికీ దొరికేవి కావు, అది కూడా ఒప్పుకోవాలి. కులం చూసి పెట్టే అన్నం అది. పాలేరు కొడుకుకి ఏ వీధిలోనూ వారం కుదరలేదు.

ఆక్స్‌ఫర్డు చరిత్ర మొదటి పేజీ తిప్పగానే నాకు కనిపించింది ఈ వారాల పిల్లలే.

అక్కడ పాఠాలు చెప్పడం 1096 నాటికే ఉందంటారు. 1167లో రెండవ హెన్రీ రాజు ఇంగ్లీషు విద్యార్థుల్ని పారిస్ వెళ్ళకుండా అడ్డుకోవడంతో వాళ్ళంతా ఇక్కడికి చేరి ఊరు నిండింది. ఊరి నిండా విద్యార్థులుంటే ఏమవుతుంది? ఇళ్ళ అద్దెలు పెరుగుతాయి. రొట్టె ధర పెరుగుతుంది. తగవులు మొదలవుతాయి. 1209లో ఒక విద్యార్థి చేతిలో ఊరి స్త్రీ ఒకామె చనిపోయింది. వాడు పారిపోయాడు. ఊరివాళ్ళు వాడితో ఒకే ఇంట్లో ఉంటున్న పిల్లల్ని పట్టుకుని ఉరితీశారు. గురువులూ శిష్యులూ ఊరు విడిచి తలో దిక్కూ పోయారు. అలా పోయినవాళ్ళలో కొందరు కేంబ్రిడ్జి చేరి అక్కడ బడి పెట్టారు. ఆ రెండో మహావిద్యాపీఠం పుట్టుక అదీ.

అయిదేళ్ళ తరువాత, 1214లో, పోపు ప్రతినిధి వచ్చి రాజీ కుదిర్చాడు. ఆ రాజీపత్రంలోనే ఈ విశ్వవిద్యాలయపు ఛాన్సలరు పదవి మాట మొదటిసారి వస్తుంది. ఇంతకీ ఆ పత్రంలో ఏముంది? వేదాంతం లేదు, పాఠ్యక్రమం లేదు. ఊరివాళ్ళు విద్యార్థుల ఇళ్ళ అద్దె పదేళ్ళపాటు సగానికి తగ్గించాలి. ఆ తరువాతి పదేళ్ళు పాత అద్దె మించకూడదు. తిండి సరుకులు సరసమైన ధరకి అమ్మాలి. ఏటా 52 షిల్లింగులు పేద విద్యార్థుల కోసం కట్టాలి. పైపెచ్చు, డిసెంబరులో వచ్చే సెయింట్ నికొలస్ పండుగనాడు నూరుమంది పేద విద్యార్థులకి రొట్టె, బీరు, పులుసు, చేపో మాంసమో ఒక వంటకంతో సంతర్పణ చెయ్యాలి. అంటే ఎనిమిది వందల ఏళ్ళకి పైబడిన ఈ విద్యాపీఠానికి పునాదిపత్రం లాంటిది ఏదైనా ఉంటే, అది అద్దెల పత్రం, అన్నాల పత్రం. చదివి నేను నవ్వుకున్నాను. మా తాతగారు ఉంటే "శుక్రవారం ఇల్లు కూడా కుదిర్చారే!" అనేవారు.

1240లో లింకన్ బిషప్ గ్రోస్‌టెస్ట్ ఆ 52 షిల్లింగుల సొమ్ముని ఒక ఇనపపెట్టె పద్ధతిలోకి మార్చాడు. సెయింట్ ఫ్రైడ్స్‌వైడ్ పెట్టె అంటారు దాన్ని. పేద విద్యార్థి తన పుస్తకమో, గిన్నో, బట్టో తాకట్టు పెట్టి వడ్డీ లేని అప్పు తీసుకోవచ్చు. గడువులోగా తీర్చకపోతే వస్తువు అమ్మేస్తారు. పుస్తకమంటే చేత్తో రాసిన తోలుకాగితాల పుస్తకం, ఆ రోజుల్లో బంగారంతో సమానం. చదువుకోడానికి డబ్బు కావాలంటే చదవాల్సిన పుస్తకాన్నే కుదువ పెట్టాలన్నమాట. ఇటువంటి పెట్టెలు తరువాత చాలా వెలిశాయి. ఈ రోజు మన పిల్లలు తీసుకుంటున్న స్టూడెంట్ లోను కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదని గ్రహించాలి.

అప్పు పుట్టనివాడు బిచ్చమెత్తేవాడు. అదీ అనుమతితోనే. 1388 నాటి ఇంగ్లండు చట్టం ఒకటి, బిచ్చానికి తిరిగే విశ్వవిద్యాలయ విద్యార్థుల దగ్గర ఛాన్సలరు ఇచ్చిన ఉత్తరం ఉండాలని శాసించింది. మన మధుకరం బ్రహ్మచారికి జోలె ఒక్కటే గుర్తింపు. ఇక్కడ ముద్ర వేసిన కాగితం కూడా కావలసి వచ్చింది.

మొట్టమొదటి కాలేజీలు కూడా ఈ దారిద్ర్యం లోంచి వచ్చినవే. 1249లో చనిపోయిన డరమ్ విలియం వదిలిపోయిన సొమ్ముతో యూనివర్సిటీ కాలేజీ, ఒక బిషప్‌తో తగవు పెట్టుకున్న జాన్ బేలియల్ ప్రాయశ్చిత్తంగా పేద విద్యార్థుల్ని పోషించడంతో బేలియల్, 1264లో మెర్టన్ పుట్టుకొచ్చాయి. 1379లో విన్‌చెస్టర్ బిషప్ విలియం స్థాపించిన న్యూ కాలేజీ పట్టాలో డెబ్భైమంది పేద విద్యార్థుల మాట ఉంది. కాలేజీ అంటే మనం భవనం అనుకుంటాం. అప్పట్లో అది సత్రం. ఒక కప్పు కింద ఉచిత భోజనం, పడక, ప్రార్థన, చదువు.

అన్నం ధర ఎంత ప్రాణాంతకమో 1355లో తేలింది. ఫిబ్రవరి 10, సెయింట్ స్కొలాస్టికా దినం. ఊరి నడిమధ్య కార్‌ఫాక్స్ దగ్గర సారాయి కొట్లో ఇద్దరు విద్యార్థులు సారా బాగోలేదని గొడవపడి, కొట్టువాడి నెత్తిమీద పాత్ర విసిరారు. మాటామాటా పెరిగి విల్లంబులదాకా వెళ్ళింది. చుట్టుపక్కల పల్లెలనుంచి జనం దిగారు. అల్లరి చల్లారేసరికి 63 మంది విద్యార్థులు చనిపోయారని చెప్పుకుంటారు; ఊరివాళ్ళలోనూ పలువురు పోయారు. రాజు విశ్వవిద్యాలయం పక్షం వహించాడు. ఊళ్ళో రొట్టె, బీరుల ధరలనీ, తూనికలనీ కొలతలనీ చూసుకునే అధికారం మేయరు చేతిలోంచి తీసి ఛాన్సలరుకిచ్చాడు. అంతటితో ఆగలేదు. ఏటా ఆ రోజున మేయరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకు వచ్చి చనిపోయినవాళ్ళ పేర తలకొక పెన్నీ, 63 పెన్నీలు, సమర్పించుకోవాలి. ఈ తద్దినం 1825 దాకా, 470 ఏళ్ళు, నడిచింది! మన ఊళ్ళలో పాలివాళ్ళ పగలు మూడు తరాలుంటాయని ఆశ్చర్యపోతాం. రెండు పక్షాలూ లాంఛనంగా కలుసుకుని చేతులు కలిపింది 1955లో, సరిగ్గా ఆరువందల ఏళ్ళకి.

ఇంతవరకూ ఆక్స్‌ఫర్డు పేదవాడి చోటుగానే కనిపిస్తుంది. మరి లార్డుల పిల్లలు ఎక్కడనుంచి వచ్చారు?

పదహారో శతాబ్దంలో వచ్చారు. మఠాలు పోయి, రాజోద్యోగాలకి చదువు అవసరమై, జమీందారులు కొడుకుల్ని పంపడం మొదలెట్టారు. అక్కడినుంచి కాలేజీలో కులాలు ఏర్పడ్డాయి. కులాలని ఊరికే అనడంలేదు. పైన నోబుల్‌మన్, తరువాత జెంటిల్‌మన్ కామనర్, ఆ కింద కామనర్, అట్టడుగున సర్విటర్. ఒక్కొక్కరికి ఒక్కొక్క గౌను, ఒక్కొక్క టోపీ, ఒక్కొక్క బల్ల, ఒక్కొక్క ఫీజు. ప్రభువుల కొడుకుల టోపీకి బంగారు కుచ్చు వేలాడేది. సర్విటర్ టోపీకి కుచ్చే లేదు. ఈ సర్విటరు ఫీజు తగ్గింపుకి బదులుగా తోటి విద్యార్థులకి ఊడిగం చేసేవాడు: పొద్దున్నే లేపడం, బూట్లు తుడవడం, భోజనం వడ్డించడం, తరువాత వాళ్ళు మిగిల్చింది తినడం. జంతికబద్దలాంటి ఈ వ్యవస్థ కేంబ్రిడ్జిలోనూ ఉంది. అక్కడ సైజర్ అనేవారు. 1661లో ట్రినిటీ కాలేజీలో ఇలా ఊడిగపు విద్యార్థిగా చేరినవాడే ఐజాక్ న్యూటన్. అంత తెలివైనవాడి చేత ఎవరి బూట్లు తుడిపించారో తెలిస్తే బాగుండును.

బూట్లంటే గుర్తొచ్చింది. ఈ నెలరోజుల్లో చదివినదానిలో నన్ను వదలకుండా పట్టుకున్న కథ శామ్యూల్ జాన్సన్‌ది. ఇంగ్లీషు నిఘంటువు రాసిన మహానుభావుడు. లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో చితికిపోయిన పుస్తకాల వ్యాపారి కొడుకు. తల్లికి కలిసొచ్చిన కొద్దిపాటి సొమ్ముతో 1728 అక్టోబరులో, పంతొమ్మిదేళ్ళ వయసులో పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. తండ్రి దుకాణంలోంచి వందకి పైగా పుస్తకాలు వెంట తెచ్చుకున్నాడు. సర్విటరుగా చేరలేదు, కామనరుగానే చేరాడు; కానీ సొమ్ము అయిపోయింది. ఎదురుగా రోడ్డుకి అవతల క్రైస్ట్ చర్చి కాలేజీ. అక్కడ మంచి గురువు ఉన్నాడని, అక్కడ చదివే స్నేహితుడి దగ్గరకి రోజూ వెళ్ళి ఆ పాఠాలు చెప్పించుకునేవాడు. ఒకనాడు క్రైస్ట్ చర్చి కుర్రాళ్ళు అతని బూట్లలోంచి కాలివేళ్ళు బయటకి రావడం చూశారు. అది జాన్సన్ కనిపెట్టాడు. మరి ఆ గుమ్మం తొక్కలేదు. ఎవరో జాలిపడి కొత్తబూట్లు జత అతని గది వాకిట్లో పెట్టి వెళ్ళారు. పొద్దున్నే తలుపు తీసి చూసి, కోపంతో వాటిని విసిరి పారేశాడు.

ఈ కథ అతని జీవితచరిత్ర రాసిన బాస్వెల్ చెప్పింది. దీన్ని అభిమానధనుడి కథగా చెబుతారు. నాకు మాత్రం మరొకటి తోస్తుంది. బూట్లు పెట్టినవాడు మంచివాడే. కానీ చలికాలంలో కాళ్ళకి బూట్లు కావలసిన కుర్రాడు వాటిని విసిరేసేలా చేసింది ఏమిటి? దయగా ఇచ్చినదాన్ని పుచ్చుకుంటే రేపటినుంచి ఏ బల్ల దగ్గర కూర్చోవలసి వస్తుందో అతనికి తెలుసు. మా తాతగారు కూడా తనకి అన్నం పెట్టిన ఇళ్ళని జీవితాంతం దణ్ణం పెట్టుకుంటూనే, పిల్లల్ని మాత్రం ఒక్కపూట కూడా పరాయి ఇంట్లో తిననిచ్చేవారు కాదు.

పదమూడు నెలలు గడిచాక, 1729 డిసెంబరులో, డబ్బులేక జాన్సన్ చదువు మానేసి వెళ్ళిపోయాడు. పుస్తకాలు అక్కడే వదిలేశాడు. పట్టా లేదు కనుక బడిపంతులు ఉద్యోగాలు కూడా తప్పిపోయాయి. ఇరవయ్యారేళ్ళ తరువాత, 1755లో, నిఘంటువు అచ్చవుతుండగా అదే విశ్వవిద్యాలయం ఎం.ఏ. పట్టా ఇచ్చింది, పుస్తకం ముఖపత్రం మీద పేరు పక్కన వేసుకోడానికి. 1775లో డాక్టరేటు కూడా ఇచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం సంస్కరణల్ని త్వరగా దాటేస్తాను. సర్విటరు పద్ధతి ఆ శతాబ్దం నడిమికి అంతరించింది. అంతవరకు చర్చి నియమాలకి సంతకం పెడితేనే చేర్చుకునేవారు. కాథలిక్కులు, యూదులు, మనబోటివాళ్ళు గుమ్మం బయటే. 1854లో కొంత, 1871 చట్టంతో దాదాపు మొత్తం ఆ అడ్డు తొలగింది. 1868లో ఏ కాలేజీలోనూ చేరకుండా, ఊళ్ళో చవకగది తీసుకుని చదువుకోవచ్చన్నారు; ఆ విడివిద్యార్థుల సంఘమే పెరిగి పెరిగి 1962లో సెయింట్ కాథరిన్స్ కాలేజీ అయింది. 1870లో కీబుల్ కాలేజీ పొదుపు కోసమే కట్టారు. అక్కడ గదులు వరసగా నడవల్లో ఉంటాయి, నౌకర్లు తక్కువమంది సరిపోతారని. భోజనం అందరికీ ఒకే హాల్లో. పొదుపుగా కట్టిన ఆ ఎర్రయిటుకల భవనం చూడడానికి ఇప్పుడు యాత్రికులు వస్తున్నారు.

మన దేశం వాళ్ళ మాటకొస్తే ముందు చెప్పుకోవలసింది కొర్నీలియా సొరాబ్జీ గురించి. బొంబాయి విశ్వవిద్యాలయం పరీక్షలో అగ్రస్థానంలో నిలిచింది. అలా నిలిచినవారికి ఇంగ్లండులో చదువుకి ప్రభుత్వ ఉపకారవేతనం రావాలి. ఆడపిల్ల అని ఆమెకి ఇవ్వలేదు. ఇక్కడి కొందరు సహృదయులు చందాలు పోగుచేశారు. వారిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా ఉన్నారు. అలా 1889లో సోమర్‌విల్ చేరి, 1892లో న్యాయశాస్త్రంలో బి.సి.ఎల్. పరీక్ష రాసింది. ఆ పరీక్ష రాసిన తొలి మహిళ ఆమె. రాయనిచ్చారు గాని పట్టా ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డు స్త్రీలకి పట్టాలివ్వడం 1920లో మొదలైంది. ఆమె 1922లో మళ్ళీ వచ్చి తన పట్టా పుచ్చుకుంది. ముప్ఫైయేళ్ళు. చందాల లెక్కకంటే ఈ లెక్క పెద్దది.

మన తెలుగుకీ ఆక్స్‌ఫర్డుకీ చుట్టరికం ఉంది. 1884లో జి.యు. పోప్‌ని అక్కడ తమిళ, తెలుగు భాషలకి అధ్యాపకుడిగా వేశారు. సివిల్ సర్వీసు కుర్రాళ్ళు మద్రాసు వెళ్ళబోయేముందు అక్కడ కూర్చుని మన అఆలు దిద్దేవారన్నమాట. 1936లో సర్వేపల్లి రాధాకృష్ణన్ తూర్పుదేశాల మతాలు, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ ఆచార్యులై వచ్చారు. 1952 దాకా ఆ పీఠంలో ఉన్నారు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో డబ్బులేక, ఒక బంధువు చదివేసి ఇచ్చిన పాతపుస్తకాలు తత్వశాస్త్రానివి కావడంచేత ఆ చదువే చదివారు. విద్యార్థిగా ఆక్స్‌ఫర్డు చూడలేదు, ఆచార్యులుగానే చూశారు. ఇందులో ఇంకొక ముచ్చట కూడా ఉంది. ఆయన 1936లో ఖాళీ చేసి వచ్చినది వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడి కుర్చీ. ఆ కుర్చీలోకి తిరిగి వెళ్ళినది కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయనా ప్రభుత్వ ఉపకారవేతనం మీద కేంబ్రిడ్జిలో చదువుకున్నవారే.

ఇక మన కాలం. 1962 విద్యాచట్టం వచ్చాక, ఈ దేశంలో సీటు వచ్చిన పిల్లవాడికి ఫీజు స్థానిక ప్రభుత్వమే కట్టింది. తల్లిదండ్రుల రాబడిని బట్టి తిండికీ గదికీ గ్రాంటు కూడా ఇచ్చింది. నేను వచ్చిన కొత్తలో మా ఆసుపత్రిలో తోటి డాక్టరు ఒకాయన బొగ్గుగని కార్మికుడి కొడుకు. ఆక్స్‌ఫర్డులో వైద్యం చదివాడు. "మీ నాన్న ఎంత అప్పు చేశారు?" అని నేనడిగితే ఆ ప్రశ్న అతనికి అర్థం కాలేదు. ఎనిమిదివందల ఏళ్ళలో ఆ రోజులు చాలా కొద్ది. 1990లో అప్పులు మొదలయ్యాయి. 1998లో వెయ్యి పౌన్ల ఫీజు వచ్చింది, 2006లో మూడువేలు, 2012లో తొమ్మిదివేలు.

విదేశీ విద్యార్థులకైతే తలుపు అంతకుముందే మూసుకోవడం మొదలైంది. 1967లో స్వదేశీయులకి 70 పౌన్లుంటే బయటివారికి 250 చేశారు. 1980నుంచి పూర్తి ఖర్చు రాబట్టడం మొదలెట్టారు. విద్యకి నిధులు కోస్తున్నారన్న కోపంతో 1985లో ఆక్స్‌ఫర్డు అధ్యాపకులు తమ సోమర్‌విల్ విద్యార్థిని, కిరాణాకొట్టు వ్యాపారి కూతురు, ప్రధాని మార్గరెట్ థాచర్‌కి గౌరవ డాక్టరేటు ఇవ్వడానికి వీల్లేదని 738 – 319 ఓట్లతో తీర్మానించారు. ఓటు వేశారు గాని ఫీజు తగ్గలేదు.

మరి ఉగాదినాడు ఆ తండ్రి అన్న మాటలో నిజమెంత? ఇక్కడ కాస్త లెక్కలు చెప్పాలి, ఓపికతో చదవండి.

ఇంగ్లండులో స్వదేశీ విద్యార్థికి 2025లో ఫీజు 9,535 పౌన్లు. ఆక్స్‌ఫర్డులోనూ అంతే, మీ ఇంటిపక్క యూనివర్సిటీలోనూ దాదాపు అంతే. ఆ మొత్తం ప్రభుత్వం అప్పిస్తుంది. 2023నుంచి చేరినవారు ఏడాదికి 25,000 పౌన్లకు పైన సంపాదించినదానిలో నూటికి తొమ్మిది చొప్పున తీరుస్తారు. నలభై ఏళ్ళకి మిగిలింది రద్దు. ఆక్స్‌ఫర్డులో టర్ము ఎనిమిది వారాలే, ఏడాదికి మూడు టర్ములు. చాలా కాలేజీల్లో గది అద్దె ఆ రోజులకే కడితే చాలు. బయట ప్రయివేటు గదులకి ఏడాదిలో నలభై వారాలకి పైనే కట్టించుకుంటారు. ఇంటి రాబడి 50,000 పౌన్లకి లోపుంటే విశ్వవిద్యాలయం తిరిగి ఇవ్వక్కర్లేని సొమ్ము కొంత ఇస్తుంది. 32,500 లోపుంటే క్రాంక్‌స్టార్ట్ ఉపకారవేతనం ఇంకా ఉదారంగా ఉంటుంది. మైకేల్ మోరిట్జ్ దంపతులు 2012లో ఇచ్చిన 75 మిలియన్ పౌన్లతో ఆ పద్ధతి మొదలైంది. మనలో డాక్టర్లకీ కంప్యూటరు ఇంజనీర్లకీ అది రాదనుకోండి. కానీ మన సంఘంలో అందరూ డాక్టర్లు కారు. కొట్లలో, వృద్ధాశ్రమాల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళున్నారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: టర్ములో పిల్లలు పక్క ఉద్యోగాలు చెయ్యడం సాధారణంగా ఒప్పుకోరు. వారం వారం వ్యాసం రాసి, గురువు ఎదుట ఒక్కరో ఇద్దరో కూర్చుని తాము రాసినదాన్ని సమర్థించుకునే చదువు అది. తీరిక ఉండదు.

అసలు చిక్కు వేరేచోట ఉంది, అది మనవాళ్ళకే ఎక్కువ తగులుతుంది. స్వదేశీ ఫీజు రావాలంటే ఇక్కడ మూడేళ్ళు నివాసం ఉంటే చాలదు. మామూలుగా కోర్సు మొదలయ్యే రోజుకి స్థిరనివాస హక్కు కూడా చేతిలో ఉండాలి. ఉద్యోగం వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి ఆ హక్కు రాకముందే పిల్లవాడు పద్దెనిమిదేళ్ళవాడైతే, పక్క బల్లమీద కూర్చున్న స్నేహితుడికి తొమ్మిదివేల చిల్లర, వీడికి ముప్ఫైవేలకి పైన. సైన్సు, వైద్యం అయితే ఇంకా ఎక్కువ. అప్పూ పుట్టదు. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. బంగారు కుచ్చుల టోపీలు పోయాయి గాని, వీసా కాగితం ఆ పని చేస్తున్నది. కొత్తగా వచ్చిన కుటుంబాలవారు పిల్లవాడు పదకొండో తరగతిలో ఉండగానే తేదీలు సరిచూసుకోండి. ఏడాది ఆగి చేరితే ఫీజు మూడోవంతు కన్న తగ్గే సందర్భాలుంటాయి.

ఇక సీటు దొరకడం. ఏటా దాదాపు 3,300 సీట్లకి 23,000 మందికి పైగా దరఖాస్తు పెడతారు. అది కష్టమే, కాదనను. గడువు అక్టోబరు 15, మిగతా యూనివర్సిటీలకంటే ముందు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో ఆ ఏడాదికి ఏదో ఒకదానికే పెట్టాలి. డిసెంబరులో ఇంటర్వ్యూలు, 2020నుంచి ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఇస్తున్నారు. ఎవరి బూట్లూ ఎవరికీ కనబడవు.

జూన్ నెలాఖరులో కాలేజీలు తలుపులు తీసి అందరినీ చూడనిచ్చే రోజున ఆ తండ్రినీ కూతుర్నీ నా కారులోనే తీసుకెళ్ళాను. నల్లగౌన్లు వేసుకున్న పిల్లలు పరీక్షలనుంచి వస్తున్నారు. కోటు మీద కార్నేషన్ పువ్వు పెట్టుకుంటారు: మొదటి పరీక్షకి తెలుపు, నడుమ గులాబిరంగు, చివరిదానికి ఎరుపు. ఈ వేషం ఉండాలా వద్దా అని 2015లో ఓటు పెడితే పిల్లలే అధికసంఖ్యలో ఉండాలన్నారు. పొట్టిగౌను మామూలువారిది, పొడుగుగౌను తొలి పరీక్షల్లో ప్రథమశ్రేణి తెచ్చుకున్నవారిది. అమ్మాయి పొడుగుగౌన్ల వైపే చూస్తోంది.

పెంబ్రోక్ గుమ్మం ముందు నిలబడి, ఎదుట క్రైస్ట్ చర్చి చూపించి, జాన్సన్ బూట్ల కథ చెప్పాను. అడుగులు లెక్కపెడితే ఎంతో దూరం లేదు. ఆ పిల్ల రోడ్డు అటూ ఇటూ చూసి, "అయితే ఆయన మళ్ళీ అవతలికి వెళ్ళలేదా అంకుల్?" అంది. విద్యార్థిగా వెళ్ళలేదన్నాను. తండ్రి లోపల భోజనాల హాలు చూసి వచ్చి, శాకాహారం దొరుకుతుందో లేదో వంటవాళ్ళని అడిగి మరీ వచ్చారు. దొరుకుతుందట.

తిరుగుదారిలో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వెనకసీటులో పిల్ల ఫోనులో దరఖాస్తు వివరాలు చదువుకుంటున్నది. హైవే ఎక్కాక ఉన్నట్టుండి అడిగారు: "డాక్టరుగారూ, టర్ముకి ఎనిమిది వారాలేనన్నారు కదూ? ఆవకాయ ఒక సీసా సరిపోతుందా, రెండు పెట్టాలా?"